తారీఖు ఇచ్చాక

టైలరు "రేపు రండి" అంటే మన దగ్గర ఎవరూ రేపు రారు, ఎల్లుండి వస్తారు. వచ్చినా "హుక్కులొక్కటే ఉన్నాయక్కా, కూర్చోండి, పది నిమిషాలు" అని జవాబు. అప్పటికి ఆ గుడ్డ కత్తెర మొహమైనా చూసి ఉండదు. అడిగేవాళ్ళకూ తెలుసు, చెప్పేవాళ్ళకూ తెలుసు. ఇద్దరికీ తెలిసిన అబద్ధం కాబట్టి దాన్ని ఎవరూ అబద్ధాల లెక్కలో వెయ్యరు.

సీతాఫల్‌మండిలో మాది చిన్న షాపు. రెండు కుట్టు మిషన్లు, ఒక ఓవర్‌లాక్, ఫాల్స్, పీకో చూసుకునే ఒక అమ్మాయి. ఈమధ్య మా సంఘంలో యవ్వనస్థుల కూడికకు "క్రైస్తవ వ్యక్తిత్వం" అని అంశం పెట్టి నన్ను పావుగంట మాట్లాడమన్నారు. నేను పాస్టరమ్మగారిని కాదు, టీచరమ్మను కాదు. "నన్నెందుకు అయ్యగారూ?" అని మా పాస్టరుగారిని అడిగితే "మీ షాపు తారీఖు తప్పదంటారు గదమ్మా, అదే చెప్పు" అన్నారు. ప్రార్థన చేయండి, బైబిలు చదవండి, చెడు స్నేహాలు మానండి అని వినడానికి సిద్ధమై కూర్చున్న పిల్లలకు నేను లైనింగ్ గుడ్డ గురించి చెప్పడం మొదలుపెట్టాను. వెనక వరుసలో నవ్వులు. పావుగంట అయిపోయింది, విషయం అయిపోలేదు. మిగిలింది ఇక్కడ రాస్తున్నా.

తారీఖు తప్పదన్న ఆ పేరు నాది కాదు, మా అత్తమ్మది. ఆమె మెదక్ దిక్కు మనిషి. పెళ్ళై సికింద్రాబాద్ వచ్చాక ఎవరో వాడి వదిలేసిన ఉషా మిషను కొని ఇంటి ముందు గదిలో కుట్టడం మొదలుపెట్టింది. చదువు అంతంతమాత్రం. సంఘంలో క్రిస్మస్‌కి ఇచ్చే క్యాలెండరు, రోజుకో డబ్బా ఉంటుంది చూడండి, అదే ఆమె ఆర్డరు పుస్తకం. ఒక బ్లౌజు ఒప్పుకుంటే ఆ రోజు డబ్బాలో ఒక గీత. లైనింగ్ బ్లౌజైతే రెండు గీతలు. ఆరు గీతలు పడ్డాయా, ఇక ఆ రోజు నిండిపోయినట్టే. మహారాణి వచ్చినా అంతే.

"ఆ రోజుకు కాదమ్మా. ఎదురుంగ ఇంకో టైలరు ఉన్నడు, మంచిగనే కుడతడు, చెప్పన్నా?" అనేది. ఎదుటి షాపుకు గిరాకీని చేతులారా పంపే మనిషిని నేను ఆమెకు ముందు చూడలేదు. మా మామయ్య మొత్తుకునేవాడు. ఆమె జవాబు ఒక్కటే. "ఇచ్చేది లేకుంటే ఇస్తనని ఎందుకనాలె?"

ఆమెకు కంఠత వచ్చిన కీర్తనల్లో 15వది ఉంది. ఐదు వచనాలే. యెహోవా, నీ గుడారములో అతిథిగా ఉండదగినవాడెవడు అని దావీదు అడుగుతాడు. దానికి ఏ జవాబు వస్తుందనుకుంటాం? ఉపవాసం ఉండేవాడు, రాత్రంతా ప్రార్థన చేసేవాడు, బాగా పాడేవాడు, బలులు అర్పించేవాడు అని కదా. అందులో ఒక్కటీ లేదు. హృదయపూర్వకంగా నిజం పలికేవాడు, నాలుకతో కొండెములాడనివాడు, పొరుగువాడి మీద నింద మోపనివాడు, డబ్బు వడ్డీకివ్వనివాడు, లంచం పుచ్చుకోనివాడు. వాటి మధ్యలో నాలుగో వచనం చివర, "అతడు ప్రమాణము చేయగా నష్టము కలిగినను మాట తప్పడు." గుడారంలోకి రానిచ్చేముందు దేవుడు చూసేది మన బజారు పద్ధతి. కొట్టు పెట్టుకున్నవాళ్ళు ఈ కీర్తన చదివి కొంచెం భయపడాలి.

తారీఖు తప్పడం బద్ధకం వల్ల అని చాలామంది అనుకుంటారు. బద్ధకస్థుడైన టైలరును నేను చూడలేదు. బతుకమ్మ ముందు వారం మా వీధిలో రాత్రి రెండింటికి కూడా మిషన్ల చప్పుడు వినిపిస్తుంది. అంత కష్టపడీ మాట పోగొట్టుకుంటారు. ఎందుకంటే చేతిలో ఎంత పని ఉందో తెలిసి కూడా వచ్చిన ఇంకో గుడ్డను వదలబుద్ధి కాదు. నేను కాదంటే పక్కషాపుకు పోతుంది, పోయినావిడ మళ్ళీ రాదేమో, వచ్చే నెల అద్దె ఎట్లా? "ఇస్తాలే అక్కా" అనే మాట ఆ భయంలోంచి పుడుతుంది. అంటే అబద్ధానికి కింద ఆశ ఉంది, ఆశకు కింద భయం ఉంది. పైన మాటను మాత్రం దిద్దుకుంటానంటే కుదరదు.

గలతీ పత్రికలో ఆత్మ ఫలాల వరస సండేస్కూలు పిల్లలందరూ గడగడా అప్పజెబుతారు. ప్రేమ దగ్గర మొదలై ఆశానిగ్రహం దగ్గర ఆగుతుంది. నా లెక్కలో షాపువాళ్ళు దాన్ని చివరి నుంచి మొదలుపెట్టాలి. ఆశ అదుపులో లేనివాడి దయాళుత్వం ఎంతసేపు? సద్దుల బతుకమ్మ పొద్దున పట్టుచీర చేతిలో పట్టుకుని జాకెట్టు కోసం ఏడుపు మొహంతో మెట్ల మీద నిలబడ్డ ఆడపిల్లను చూసి "అయ్యో తల్లీ" అంటే సరిపోతుందా?

అరణ్యంలో ఇశ్రాయేలీయులకు ఆకాశం నుంచి మన్నా అనే ఆహారం కురిసినప్పుడు ఏ రోజుది ఆ రోజే ఏరుకోమన్నాడు దేవుడు. రేపటికని దాచుకున్నవాళ్ళది పురుగు పట్టి కంపు కొట్టింది. సబ్బాతు, అంటే విశ్రాంతి దినం, ముందు రోజు మాత్రం రెండింతలు ఏరుకుంటే చెడలేదు. అత్తమ్మ ఆరు గీతలూ ఆ లెక్కే. మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము అని రోజూ పొద్దున అడిగి, పది గంటలకు షట్టరెత్తగానే మొత్తం నెల ఆహారం ఇవాళే కౌంటరు మీద పడాలని చూస్తే ఆ ప్రార్థన ఎవరికి చేసినట్టు?

ఇక లైనింగ్ సంగతి. కాటన్ లైనింగ్ గుడ్డను కత్తిరించే ముందు నీళ్ళలో నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చెయ్యాలి. లేకపోతే మొదటి ఉతుకులోనే లోపలి గుడ్డ కుంచించుకుపోతుంది, పైన పట్టు అట్లాగే ఉంటుంది, చంక దగ్గరా వీపు మీదా ముడతలు పడతాయి. జనరల్ బజార్ నుంచి తెచ్చిన గుడ్డను తెచ్చినట్టే కోసి కుడితే ఒక పూట కలిసివస్తుంది. ఇచ్చే రోజున రెండింటికీ తేడా తెలియదు. తేడా రెండు నెలల తర్వాత ఆవిడ ఇంట్లో, బకెట్ దగ్గర తెలుస్తుంది. అప్పుడు కూడా తన ఒళ్ళు పెరిగిందనుకుంటుందే తప్ప మనల్ని అనదు. లోపల కుట్ల దగ్గర గుడ్డ వదలడం కూడా ఇంతే. రెండేళ్ళ తర్వాత వదులు చేసుకోవడానికి ఉండాలని అంగుళం వదలొచ్చు, గుడ్డ మిగుల్చుకోవడానికి అంచువరకూ కోసెయ్యొచ్చు. మిగిలిన ముక్క చుట్టి తిరిగి ఇవ్వొచ్చు, పక్కన పెట్టేసుకోవచ్చు. ఎవరూ అడగరు. కొలొస్సయులకు రాసిన పత్రికలో మనుషుల కోసం కాదు, ప్రభువు కోసమన్నట్టు మనస్ఫూర్తిగా చెయ్యండి అని పౌలు అన్నది దాసులతో, వాళ్ళ చేతి పని గురించి. కంటికి కనబడినప్పుడు మాత్రమే చెయ్యొద్దు అని దానికి పైనే ఉంది. ఆ పౌలు కూడా కొరింథులో అకుల, ప్రిస్కిల్లలతో కలిసి డేరాలు కుట్టినవాడే. కుట్టు సరిగా పడకపోతే వాన ఎక్కడ కారుతుందో ఆయనకు తెలుసు.

మా సంఘంలో టైలరు అనగానే బైబిల్లోని దొర్కాను తీసుకొస్తారు. స్త్రీల కూడికలో నన్ను చూస్తూ ఆమె కథ ఎన్నిసార్లు చెప్పారో. యొప్పేలో ఆమె చనిపోతే విధవరాండ్రందరూ పేతురు చుట్టూ నిలబడి ఏడుస్తూ ఆమె కుట్టిన అంగీలు, వస్త్రాలు చూపించారు. ఆ కథలో దొర్కా నోట ఒక్క మాట కూడా లేదు. పేతురు ప్రార్థన చేసి లేపినప్పుడు కూడా కళ్ళు తెరిచి లేచి కూర్చుంది, అంతే. సాక్ష్యం చెప్పడానికి మైకు దగ్గర నిలబడితే దిగని మనవాళ్ళకు ఈ సంగతి చెప్పాలని ఉంటుంది. చెప్పను. ఆ మైకు వాళ్ళకు కూడా నేనే జాకెట్లు కుట్టాలి.

నాలుక సంగతికి వస్తే, లేడీస్ టైలరు షాపంత ప్రమాదమైన చోటు ఇంకొకటి లేదు. ఆది బ్లౌజు ఇచ్చి పోదామని వచ్చినావిడ స్టూలు మీద కూర్చుంటుంది, కోడలి సంగతి మొదలవుతుంది. ఆ కోడలు కూడా మన గిరాకీయే. అత్తమ్మ ఎవరినీ "వద్దమ్మా, కొండెములు పాపం" అనేది కాదు. మిషను తొక్కడం మొదలుపెట్టేది. మాట పెద్దదైతే ఇంకా గట్టిగా తొక్కేది. ఆ చప్పుడులో వినబడక రెండుసార్లు చెప్పాల్సి వచ్చేసరికి ఆవిడకే విసుగొచ్చి లేచిపోయేది. ఇప్పుడు మా మిషన్లకు మోటార్లు, అంత చప్పుడు రాదు. నేను రేటు మాట్లాడటం మొదలుపెడతాను, అది కూడా బాగానే పనిచేస్తుంది.

కష్టమంతా మనవాళ్ళ దగ్గరే. బయటి గిరాకీ "కాదు" అంటే సరే అని పోతారు. సంఘం మనుషులు పోరు. డిసెంబరు మూడో వారంలో ఒకావిడ, ఆదివారం మా పక్క వరుసలోనే కూర్చుంటుంది, పట్టుచీర తెచ్చి క్రిస్మస్ ఆరాధనకు కావాలంది. గీతలు నిండాయి అన్నాను. "ప్రభువులో సహోదరిని, నాకు కూడా లెక్కలేనా?" అంది. లెక్కే వదినా అన్నాను. ఈస్టర్ దాకా వందనాలు కూడా లేవు. టైలరమ్మకు పొగరెక్కిందని పదిమందికి చెప్పిందట. మనలో ఒక అలవాటుంది. మెత్తగా మాట్లాడితే చాలు, దాన్ని ప్రేమ అంటాం. అడిగిన ప్రతిదానికీ తల ఊపేవాణ్ణి "ఎంత మంచివాడో" అంటాం. ఆ తల ఊపిన వాటిలో సగం జరగవు. "ప్రార్థన చేస్తా సిస్టర్" అనే మాట కూడా చాలాసార్లు టైలరు "రేపు" లాంటిదే. మీ మాట అవునంటే అవును, కాదంటే కాదు అని యేసు చెప్పినప్పుడు "కాదు"కు కూడా సమానంగా చోటిచ్చాడు. మన ప్రసంగాల్లో దానికి ఎందుకో చోటు దొరకదు.

అట్లాగని "నేను ఉన్నదున్నట్టు మొహమ్మీదే అంటా" అని తిరిగేవాళ్ళ బాపతు వేరు. వాళ్ళకు నిజం కంటే ఎదుటి మనిషి మొహం మాడటం ఎక్కువ ఇష్టం. అత్తమ్మ కాదన్నప్పుడు ఇంకో టైలరును చూపించేది, లేదా ఫలానా రోజైతే ఇస్తాననేది. ఇచ్చేది కూడా.

మాది సి.ఎస్.ఐ., అంటే చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా, సంఘం. 1947లో సి.ఎస్.ఐ. ఏర్పడక ముందు మా పెద్దలు వెస్లియన్ మెథడిస్టులు. ఇంగ్లండులో ఆ మెథడిస్టు ఉద్యమాన్ని మొదలుపెట్టిన జాన్ వెస్లీ 1743లో తన సమాజాల వాళ్ళకు కొన్ని నియమాలు రాసిచ్చాడు. అయ్యగారు ఒకసారి అవి చదివి వినిపించారు. తాగొద్దు, కొట్లాడొద్దు అన్నవాటి మధ్యలో ఒకటి విని నేను ఉలిక్కిపడ్డాను. కొనేటప్పుడు, అమ్మేటప్పుడు ఎక్కువ మాటలు వాడొద్దు అని. ఇంకొకటి, తీర్చగలనన్న నమ్మకం లేకుండా అప్పు చెయ్యొద్దు, సరుకు తెచ్చుకోవద్దు అని. ఇంగ్లండు బజారు కూడా మన మోండా మార్కెట్ లాగే ఉండేదన్నమాట. ఆయన సమాజాలను పన్నెండేసి మంది చొప్పున క్లాసులుగా విడగొట్టాడు. అది మొదలైంది డబ్బు దగ్గర. బ్రిస్టల్‌లో కట్టిన మందిరం అప్పు తీర్చడానికి 1742లో మనిషికి వారానికి ఒక పెన్నీ వసూలు చెయ్యాలనుకున్నారు. ఆ పెన్నీ కోసం ఇంటింటికీ పోయినవాళ్ళకు లోపలి సంగతులు కనబడ్డాయి. ఎవరింట్లో తగాదా, ఎవరింట్లో తాగుడు. ఆరాధనలో కనబడనిది గడప దగ్గర కనబడింది. అప్పటి నుంచి పెన్నీతో పాటు నీ ఆత్మ ఎట్లా ఉంది అని అడగడం కూడా ఆ క్లాసు నాయకుడి పనైంది.

మా షాపులో గురువారం సాయంత్రం షట్టరు సగం దించి నలుగురం కూర్చుంటాం. పేరేమీ పెట్టలేదు. ఒకరు ఆసుపత్రిలో నర్సు, ఒకరు ఇడ్లీ బండి, ఒకరు రిటైరైన టీచరు, ఆమె ఆదివారం తెల్లచీర కట్టుకునే వేరే సంఘం అక్క, నాలుగోదాన్ని నేను. పాట ఉండదు, పక్కింటివాళ్ళు నిద్రపోవాలి. ఒకరినొకరం అడుగుతాం. ఇడ్లీ బండి చెల్లి నన్ను "ఈ వారం ఎవరికైనా తారీఖు తప్పిందా అక్కా?" అని అడుగుతుంది. నేను ఆమెను నిన్నటి పిండి కలిపిందా అని అడుగుతాను. నర్సమ్మను, డ్యూటీ మారేటప్పుడు రాసిన బీపీ నిజంగా చూసి రాసిందేనా అని. మొదట్లో కోపాలొచ్చాయి. ఒకామె మానేసింది కూడా. నాకు తెలిసి, మనల్ని ఇట్లా అడిగే హక్కు ఒక్కరికైనా ఇవ్వకుండా నడవడి బాగుపడదు. ఒంటరిగా మోకాళ్ళ మీద ఉన్నప్పుడు మన పాపాలు చాలా పెద్దవిగా, పేరు లేకుండా కనబడతాయి. "నేను ఘోరపాపిని ప్రభువా" అనడం తేలిక. "మంగళవారం ఆవిడకు హుక్కులొక్కటే ఉన్నాయని చెప్పాను" అనడం కష్టం.

కూలి విషయంలో మాత్రం నేను అత్తమ్మ కంటే ఒక మెట్టు ఎక్కువే పట్టుదల పట్టాను. మగ్గం వర్క్ చేసే అబ్బాయిలు బెంగాల్ నుంచి వచ్చినవాళ్ళు, పీసుకింత అని. ఈ లైనులో చాలామంది పండగ అయ్యాక లెక్క చూద్దాం అంటారు. పనిచేసిన పీసు నా చేతికొచ్చిన సాయంత్రమే డబ్బు వాళ్ళ చేతికి పోవాలని నా పట్టు. ద్వితీయోపదేశకాండం 24లో ఏనాటి కూలి ఆనాడే, పొద్దు గుంకక ముందే ఇవ్వమని ఉంది. బీదవాడు దాని మీదే ఆశ పెట్టుకుని ఉంటాడని కారణం కూడా చెప్పింది. గిరాకీ నాకు ఇవ్వకపోతే? అది నా తలనొప్పి, ఆ పిల్లలది కాదు. అత్తమ్మ వాళ్ళ తాత మెదక్ చర్చి కట్టినప్పుడు రాళ్ళు మోశాడట. కరువు కాలం. మిషనరీ పాస్‌నెట్ దొరగారు తిండి పెట్టి పని చేయించాడు. పదేళ్ళు పట్టి, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ అయింది. "ఊకెనే పెట్టలే, పని ఇచ్చి పెట్టిండు, మావోళ్ళు తల దించుకోకుంట తిన్నరు" అనేది అత్తమ్మ. క్రిస్మస్‌కి అక్కడికి పోయినవాళ్ళు రంగు అద్దాల కిటికీలకు ఫోటోలు తీస్తారు. ఆమె మాత్రం గోడ రాళ్ళ మీద చెయ్యి వేసి నిలబడేది.

నేను ఇదంతా ఇంత ధీమాగా రాస్తుంటే మా అమ్మాయి ఒప్పుకోవడం లేదు. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. "అమ్మా, నీ షాపు నీది, నువ్వు కాదనగలవు. నాది జీతం. మేనేజరు శుక్రవారానికి అయిపోతుందా అంటే అందరూ అయిపోతుందంటారు. నేనొక్కదాన్ని కాదంటే నాకే పని రాదనుకుంటారు" అంది. దాని మాటలో నిజం ఉంది. కౌంటరు ఇవతల నిలబడి కాదనడానికీ, జీతమిచ్చేవాడి ముందు కాదనడానికీ తేడా ఉంది. దానియేలు సంగతి చెప్పాను. రాజు దగ్గర ఉద్యోగం చేస్తున్నవాడి మీద నేరం మోపాలని వెతికితే, రాజ్య పనుల్లో ఒక్క లోపం కూడా దొరకలేదు, చివరికి ప్రార్థన మీద కేసు పెట్టాల్సి వచ్చింది. "ఆయన్ని సింహాల గుహలో వేశారు కదమ్మా" అంది. అవును, వేశారు. దానికి నా దగ్గర జవాబు లేదు. బయటికి కూడా వచ్చాడు అనడం తల్లిగా నాకు అంత తేలిక కాదు, ఇంటి లోను ఈఎంఐ దాని జీతం నుంచే పోతుంది.

పోయిన నెల ఒక పని విషయంలో స్టాండప్ మీటింగులో అందరి ముందూ శుక్రవారానికి కాదు, ఆ పై బుధవారానికి ఇస్తానని చెప్పిందట. మేనేజరు మొహం చిట్లించాడు. పక్క టీమువాళ్ళు శుక్రవారమన్నవి సోమవారం దాకా తేలలేదు, వాటి గురించి ఎవరూ ఏమీ అనలేదు. ఇది బుధవారం మధ్యాహ్నానికి ఇచ్చింది. రేటింగ్ సంగతి ఏప్రిల్‌లో తెలుస్తుంది.